రుమటాలజీలో డీఎం చేసి విజయవాడ–గుంటూరులోనే అధ్యాపకుడిగా స్థిరపడాలంటే?

కొత్తపేట పీజీ
సీనియర్లందరికీ నమస్కారం. ఎండీ జనరల్ మెడిసిన్ చివరి ఏడాదిలో ఉన్నాను. రుమటాలజీలో (కీళ్లు, రోగనిరోధకశక్తి జబ్బుల శాఖ) డీఎం (ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) చేసి, ప్రాక్టీసుతోపాటు పాఠం చెప్పడం, పరిశోధన కూడా చేయాలని ఆలోచన. హైదరాబాద్, బెంగళూరు సంగతి కాదు, గుంటూరు–విజయవాడ మధ్యలో ఏదో ఒక కాలేజీలో చేరే సంగతే అడుగుతున్నాను. సీటు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి? రుమటాలజీకి విడిగా విభాగం లేని కాలేజీలో చేరితే పని ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రమోషన్‌కు ఏవి లెక్కలోకి వస్తాయి, ఏవి రావు?

అరండల్‌పేట
దారి వరకు క్లుప్తంగా చెప్తాను. ఎండీ మూడేళ్లు, ఆపైన డీఎం మూడేళ్లు. కోర్సు పేరు కొన్నిచోట్ల రుమటాలజీ అని, కొన్నిచోట్ల క్లినికల్ ఇమ్యునాలజీ అండ్ రుమటాలజీ అని ఉంటుంది. ప్రవేశానికి నీట్-ఎస్ఎస్ అనే జాతీయ పరీక్ష ఒకటి. ఎయిమ్స్, జిప్మర్, చండీగఢ్ పీజీఐ లాంటి జాతీయ సంస్థలకు ఏడాదికి రెండుసార్లు జరిగే ఐఎన్ఐ-ఎస్ఎస్ మరొకటి. డీఎంకు సమానమైన డీఆర్ఎన్‌బీ కోర్సు కూడా ఉంది. మనవాళ్లు ఎక్కువగా చూసేవి హైదరాబాద్ నిమ్స్, వెల్లూరు సీఎంసీ, పుదుచ్చేరి జిప్మర్, లక్నో ఎస్‌జీపీజీఐ.

సీటు దగ్గర పేరు ఒక్కటే చూసి వెళ్లకండి. అక్కడినుంచి బయటికొచ్చే చివరి ఏడాది రెసిడెంట్‌కు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. కీలునీరు తీసిన రోజే పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద మీరే చూస్తారా, లేక ల్యాబ్‌కు పంపి కాగితం కోసం కూర్చుంటారా? ఏఎన్ఏ (రోగనిరోధకశక్తి ఒంటిమీదే తిరగబడిందా అని చూసే రక్తపరీక్ష) స్లైడు చదివే చోటికి రెసిడెంట్లను పోస్టింగ్ వేస్తారా? చిన్నపిల్లల కీళ్లవ్యాధుల ఓపీ ఉందా? పాత రోగుల ఫైళ్లు అయిదేళ్ల తర్వాత అడిగినా చేతికొస్తాయా? నాలుగోదానికి 'లేదు' అని వస్తే, ఆ సీటులో వైద్యం నేర్చుకోవచ్చు కానీ పరిశోధన నేర్చుకోవడం కష్టం.

గుణదల
డీఎం దాకా ఆగనక్కర్లేదు, ఎండీ థీసిస్ నుంచే మొదలుపెట్టొచ్చు. ఇప్పటికే చివరి ఏడాది అంటున్నారు కాబట్టి ఇది మీ వెనకవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. మన దగ్గర థీసిస్‌లు చతికిలపడేది సంఖ్య దగ్గర. గైడ్ గారు "50 కేసులు చాలు" అంటారు, ఆ 50 ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగరు.

ఒక లెక్క చూడండి. రెండు మందుల మధ్య డీఏఎస్28లో (28 కీళ్లు చూసి కీళ్లవాతం తీవ్రతకు వేసే స్కోరు) 0.6 తేడా పట్టుకోవాలి. రోగుల మధ్య ప్రామాణిక విచలనం 1.2 అనుకుందాం. పవర్ (తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం) 80 శాతం, తప్పు పాజిటివ్ 5 శాతం పెట్టుకుంటే ఒక్కో గుంపుకు కావలసింది 16 × (1.2 ÷ 0.6) వర్గం, అంటే 64 మంది. మధ్యలో మానేసేవాళ్లు నూటికి 20 మంది ఉంటారనుకుంటే 64ని 0.8తో భాగించాలి, 80 వస్తుంది. రెండు గుంపులకు కలిపి 160. ఏడాదిన్నర వ్యవధిలో ఒక పీజీ ఇంతమందిని చేర్చుకోలేరు. కాబట్టి రెండు మందుల పోటీ వదిలేసి, ఒకే గుంపును కాలక్రమంలో కొలిచే ప్రశ్న తీసుకోండి. చిన్న ప్రశ్నకు పూర్తి జవాబు దొరికితే అది పేపరవుతుంది. పెద్ద ప్రశ్నకు సగం జవాబు యూనివర్సిటీ లైబ్రరీలో అట్టపుస్తకంగా మిగులుతుంది.

ఇంకొకటి. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక, మొదటి రోగిని చేర్చుకునే ముందే సీటీఆర్ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ నుంచి వెనకటి తేదీతో నమోదు చేసుకోవడం లేదు. మందులో, చికిత్సలో జోక్యం ఉన్న అధ్యయనానికి ఈ నంబరు లేకపోతే మంచి పత్రికలు గుమ్మం దగ్గరే ఆపేస్తాయి.

లబ్బీపేట
ల్యాబ్ వైపు నుంచి. ఈ శాఖలో అధ్యాపకుడు కావాలనుకునేవాళ్లు మూడు పరీక్షలను తమ చేత్తో చేసి, తమ కంటితో చూసి ఉండాలి. రిపోర్టు చదవడం వేరు.

ఈఎస్ఆర్ (గొట్టంలో రక్తకణాలు గంటలో ఎంత దిగాయో చూసే వాపు పరీక్ష) సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వెస్టర్‌గ్రెన్ గొట్టం నిటారుగా నిలబడకపోతే అంకె పెరుగుతుంది. గది వేడెక్కితే పెరుగుతుంది. మే నెలలో బెజవాడలో ఏసీ లేని ల్యాబ్ గదిని ఒకసారి తలుచుకోండి. రక్తహీనత ఉంటే మళ్లీ పెరుగుతుంది. మన ఓపీకి వచ్చే ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఉంటుందో అందరికీ తెలుసు. కాబట్టి డీఏఎస్28ను ఒక్క ఈఎస్ఆర్ మీద నడిపితే, జబ్బు తగ్గిన మనిషికి కూడా తగ్గనట్టే చూపిస్తుంది. వాపును చూపే మరో రక్తపరీక్ష సీఆర్‌పీ కూడా పక్కన రాసుకోండి.

ఏఎన్ఏ: హెప్-2 కణాల మీద ఇమ్యునోఫ్లోరసెన్స్‌తో చేసిందా, ఎలైసాతో చేసిందా అన్నది రిపోర్టులో ఉండాలి. టైటర్ (ఎన్ని రెట్లు పలచన చేసినా కనబడింది) ఉండాలి, ప్యాటర్న్ (మెరిసే తీరు) ఉండాలి. ఆరోగ్యవంతుల్లోనే 1:80 దగ్గర నూటికి 13 మందికి, 1:160 దగ్గర 5 మందికి పాజిటివ్ వస్తుంది. ఒళ్లునొప్పులన్నవాళ్లందరికీ ఏఎన్ఏ రాస్తే లూపస్ (రోగనిరోధకశక్తి సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు) లేని లూపస్ రోగులు తయారవుతారు. వాళ్లలో పెళ్లి కావాల్సిన అమ్మాయిలుంటే ఆ కాగితం ఇంట్లో చేసే నష్టం మామూలుగా ఉండదు. 2019 నాటి లూపస్ వర్గీకరణలో 1:80 అన్నది లోపలికి అడుగుపెట్టే గడప మాత్రమే. ఆ తర్వాత 10 పాయింట్లు రావాలి.

కీలునీరు: స్ఫటికాల కోసమైతే సోడియం హెపారిన్ గొట్టం. లిథియం హెపారిన్, ఆక్సలేట్ వాడితే వాటి స్ఫటికాలే కంటబడి దారి తప్పిస్తాయి. చుక్క తడిగా ఉండగానే స్లైడు మీద వేసి కవర్‌స్లిప్ పెట్టి చూడాలి. గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపు) స్ఫటికం సూదిలా ఉంటుంది, మైక్రోస్కోపులోని కాంపెన్సేటర్ అనే పలక నిదాన అక్షానికి సమాంతరంగా తిప్పితే పసుపు, అడ్డంగా తిప్పితే నీలం. సూడోగౌట్‌లో (క్యాల్షియం స్ఫటికాల వల్ల వచ్చేది) చిన్న పలకల్లా ఉండి రంగులు తారుమారవుతాయి, మెరుపు కూడా తక్కువ. తెల్లకణాలు ఘనపు మిల్లీమీటరుకు 2,000 దాటితే వాపుజబ్బు, 50,000 దాటితే చీము కాదని తేలేదాకా చీమే అనుకోవాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్ఫటికాలు కనబడ్డాయని కల్చర్ మానేయకూడదు. గౌట్, ఇన్ఫెక్షన్ రెండూ ఒకే మోకాలిలో ఉండొచ్చు.

కొత్తపేట పీజీ
మేడమ్, చాలా ఉపయోగపడింది. అరండల్‌పేట సార్, ఫైళ్ల మాట ఎత్తారు కదా. విడిగా విభాగం లేని చోట, మెడిసిన్ యూనిట్‌లో ఒకడిగా చేరినప్పుడు ఒక టేబులు, వారానికొక రోజు ఓపీ మాత్రమే ఇస్తారు. దాంతో ఏం చేయొచ్చు?

అరండల్‌పేట
చాలా చేయొచ్చు. ఇక్కడ జరిగేది కూడా దాదాపు అదే. 1946 నాటి గుంటూరు మెడికల్ కాలేజీ అయినా, 1980లో మొదలై 2000లో ప్రభుత్వం కిందికి వచ్చిన విజయవాడ సిద్ధార్థ అయినా, చినకాకాని వైపు ప్రైవేటు కాలేజీలైనా, మంగళగిరి ఎయిమ్స్ అయినా నియామకం తీరు దేనికదే. కానీ కొత్త శాఖ ఎక్కడైనా ముందు వారపు ఓపీగానే పుడుతుంది. ఆ ఓపీ విభాగంగా ఎదుగుతుందా లేదా అన్నది మీరు పెట్టే రిజిస్టరు మీద ఉంటుంది. ఖరీదైన మందులు, యంత్రాలు తర్వాతి మాట.

మొదటి రోజే ఒక పేజీ ఫారం అచ్చు వేయించండి. ఒకే పేజీ, వెనకవైపు ఖాళీ. రెండో పేజీ ఉంటే మూడో నెలకల్లా ఎవరూ నింపరు. అందులో ఉండాల్సినవి: జబ్బు మొదలైన నెల, సంవత్సరం, పొద్దున లేచాక బిగుసుకుపోవడం ఎన్ని నిమిషాలు, 28 కీళ్ల బొమ్మ, రోగి తన జబ్బుకు వేసుకునే మార్కు 10కి, డాక్టర్ వేసే మార్కు 10కి, ప్రస్తుత మందులు, డోసు, పరీక్షల్లో అంకెలు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు. రెండో నంబరు చాలా ముఖ్యం. మొదటి నంబరు ఆర్నెల్లలో మారిపోతుంది, రోగి కనబడకుండా పోతే ఆ ఫైలు పరిశోధనకు పనికిరాదు.

28 కీళ్లంటే భుజాలు 2, మోచేతులు 2, మణికట్లు 2, వేళ్ల మొదటి కణుపులు 10, మధ్య కణుపులు బొటనవేళ్లతో కలిపి 10, మోకాళ్లు 2. ఒక్కో కీలును మీ బొటనవేలితో, గోరు మొదట్లో తెల్లబడేంత ఒత్తిడితో నొక్కాలి. అంతకు మించితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ అమ్మో అంటారు. నొప్పి వేరు గడిలో, వాపు వేరు గడిలో. పాదాలు ఈ లెక్కలో రావు కానీ చెప్పులు విప్పించి చూడాల్సిందే. జబ్బు అక్కడే మొదలై ఉండొచ్చు, లెక్కలో సున్నా వచ్చి మీరు మందు తగ్గించేస్తారు.

నొప్పి కీళ్లు, వాపు కీళ్లు, రెండు మార్కులు కలిపితే సీడీఏఐ. రక్తపరీక్ష అక్కర్లేదు, కాలిక్యులేటరు అక్కర్లేదు. 2.8 లోపు ఉపశమనం, 10 దాకా స్వల్పం, 22 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. రోగి ఎదురుగా కూర్చుని ఉండగానే నిర్ణయం తీసుకోవచ్చు. మూడు నెలల్లో మెరుగుదల లేకపోతే, ఆరు నెలల్లో లక్ష్యం అందకపోతే చికిత్స మార్చాలి. మన దగ్గర ఈ రెండు గడువులూ దాటిపోయేది మందులు లేక కాదు, కొలత లేక.

పటమట ఫార్మసీ
డాక్టర్లు కానివాళ్లు మాట్లాడొచ్చా అని ఆలోచించి రాస్తున్నాను. సార్ చెప్పిన ఫారంలో మందు గడి పక్కన ఇంకో గడి పెట్టించండి: కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు పేరు, ఆదివారమా సోమవారమా అని.

ఈ శాఖలో మందుల వల్ల జరిగే అతి పెద్ద ప్రమాదం అదే. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన బిళ్లను రోజూ వేసుకోవడం. నోట్లో పుళ్లు, జ్వరం, తర్వాత రక్తకణాలు మూడు రకాలూ పడిపోవడం. ఎలా జరుగుతుందంటే, చీటీలో 'వారానికి 1' అన్నది దుకాణంలో 'రోజుకు 1'గా చదువుతారు. లేదంటే మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రెండూ చాలాసార్లు చిన్న పసుపు బిళ్లలుగానే వస్తాయి, రోగి తారుమారు చేసుకుంటారు. 2.5, 7.5, 10, 15 మి.గ్రా. బిళ్లలన్నీ బజారులో ఉన్నాయి. 2.5వి ఆరు వేసుకోమని చెప్పిన మనిషికి ఇంకో దుకాణంలో 10వి ఇస్తే అవీ ఆరే వేసుకుంటారు.

చేయాల్సింది ఇది. చీటీ మీద 'ఆదివారం రాత్రి మాత్రమే' అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. వేరే రోజు, దాని పేరూ పక్కనే. ఒక రోగికి ఎప్పుడూ ఒకే బలం బిళ్ల. ఒక్కసారికి నాలుగు వారాలకు మించి ఇవ్వకుండా ఉంటే పొరపాటు జరిగినా ప్రాణం మీదికి రాకుండా ఆపొచ్చు. పక్క ఊళ్లో జ్వరానికని కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయోటిక్ రాస్తే ఈ మందుతో కలిసి రక్తకణాలు పడిపోతాయి. ఆ బిళ్ల పేరు 'వద్దు' అని చీటీ మీదే రాసి పంపండి.

అరండల్‌పేట
పటమట గారూ, మీరు రాయకపోతే ఈ చర్చకు పెద్ద లోటు మిగిలేది. తమ్ముడూ, ఆ గడి ఫారంలో చేర్చుకో. రోజూ వేసుకున్నట్టు తెలిస్తే మందు వెంటనే ఆపి, ఆస్పత్రిలో చేర్చి, దాని విరుగుడు ల్యూకోవోరిన్ మొదలుపెట్టాలి. ఫోలిక్ యాసిడ్ బిళ్ల డోసు పెంచితే సరిపోతుందనుకోవడం తప్పు. మెథోట్రెక్సేట్ అడ్డుకునే ఎంజైమును దాటి వెళ్లేది ల్యూకోవోరినే.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన ఫోలిక్ యాసిడ్ పరిశోధన నుంచే ఈ మందుల కుటుంబం పుట్టింది. 1985లో చిన్న డోసు మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి పనిచేస్తుందని ట్రయల్‌లో తేలింది, 1988లో అమెరికాలో ఆ జబ్బుకు అనుమతి వచ్చింది. పాఠం చెప్పేటప్పుడు ఈ వరస చెప్పండి, పిల్లలకు మందు, దాని విరుగుడు రెండూ ఒకేసారి గుర్తుండిపోతాయి.

గుణదల
రిజిస్టరు ఏడాది నడిచాక ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. ఢిల్లీలో, లండన్‌లో దొరకని ప్రశ్నలు మన దగ్గర ఉన్నాయి. రెండు చెప్తాను.

ఒకటి ఫ్లోరోసిస్, తాగేనీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి ఈ జబ్బును వైద్య సాహిత్యంలోకి ఎక్కించారు. కనిగిరి వైపు, పల్నాడు వైపు నుంచి ఇప్పటికీ గుంటూరు పెద్దాసుపత్రికి నడుము బిగుసుకుపోయి వచ్చేవాళ్లున్నారు. పైకి చూస్తే అచ్చం యాంకిలోసింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక బిగుసుకుపోయే కీళ్లవాపు). మెడ తిరగదు, నడుము వంగదు. ఎక్స్‌రేలో తేడా పట్టుకోవాలి. ఫ్లోరోసిస్‌లో ఎముకలు సుద్దలా దట్టంగా ఉంటాయి, ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తుంది. అందుకే నడుముతోపాటు ముంజేయి ఎక్స్‌రే కూడా తీయించాలి. స్పాండిలైటిస్‌లో నడుము కింది శాక్రోఇలియాక్ కీళ్ల అంచులు కొరుక్కుపోయి ఉంటాయి, ముంజేయి మామూలుగా ఉంటుంది. పొరబడితే ఆ మనిషికి వేలకు వేలు పోసి బయొలాజిక్ (రోగనిరోధకశక్తిని అణిచే ఖరీదైన మందు) ఇస్తారు, ఫలితం ఉండదు, టీబీ ముప్పు మాత్రం మిగులుతుంది. తాగేనీటి ఆధారం ఏది, ఎన్నేళ్లుగా అన్న రెండు గడులు ఫారంలో ఉంటే చాలు, మూడేళ్లలో మంచి పేపరుకు సరిపడా సమాచారం చేరుతుంది.

రెండోది చికున్‌గున్యా తర్వాతి కీళ్లవాపులు. 2006లో మన రాష్ట్రాన్ని కుదిపేసిన జబ్బు. జ్వరం తగ్గాక నెలల తరబడి రెండు చేతుల్లోనూ చిన్న కీళ్లు వాస్తాయి, 2010 నాటి కీళ్లవాతం వర్గీకరణలో పాయింట్లు లెక్కేస్తే 6కు చేరి కీళ్లవాతం అయి కూర్చుంటుంది. యాంటీ-సీసీపీ (కీళ్లవాతాన్ని పట్టిచ్చే రక్తపరీక్ష), ఆరు నెలల తర్వాతి కొలత, ఎక్స్‌రేలో ఎముక కొరుకుడు ఉందా అన్నవి కలిపి చూడకుండా జీవితకాలం మందు రాయకూడదు.

కొలమానాలు కూడా మన జీవితానికి సరిపోయేవే వాడండి. రోజువారీ పనులు ఎంత చేసుకోగలరో అడిగే ఇండియన్ హెచ్ఏక్యూలో 12 ప్రశ్నలున్నాయి, ఒక్కోదానికి 0 నుంచి 3. చీర కట్టుకోవడం, కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, ఆటో ఎక్కి దిగడం, కుళాయి తిప్పడం, మూడు కిలోమీటర్లు నడవడం. విదేశీ ఫారంలో బాత్‌టబ్‌లో స్నానం చేయగలరా అని అడుగుతారు, పెదకాకాని నుంచి వచ్చిన పెద్దావిడ దానికి ఏం చెప్తుంది?

బ్రాడీపేట
ప్రమోషన్ ప్రశ్నకు ఎవరూ రాలేదు కాబట్టి నేను.

సూపర్ స్పెషాలిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు డీఎం ఉండాలి. పోస్టు రుమటాలజీలో మంజూరై లేకపోతే ఎండీ ఆధారంగా జనరల్ మెడిసిన్‌లో తీసుకుంటారు. చేరేటప్పుడే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఆర్డరులో నా పేరు ఏ శాఖ కింద రాస్తున్నారు? తర్వాత అసోసియేట్‌కు లెక్కపెట్టే అనుభవం దాని మీదే ఆధారపడుతుంది. ఆర్డరు, జాయినింగ్ రిపోర్టు, రిలీవింగ్ కాగితం, ఫారం-16 అన్నీ ఏడాదివారీగా ఒక ఫైలులో ఉంచుకోండి. ఇంటర్వ్యూ రోజు వెతుక్కుంటే దొరకవు.

2025 దాకా నడిచిన జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) 2022 నిబంధనల్లో ఉన్నది ఇది: కేస్ రిపోర్టులు లెక్కలోకి రావు. ఒరిజినల్ పేపరు, సిస్టమాటిక్ రివ్యూ, మెటా అనాలిసిస్, కేస్ సిరీస్ వస్తాయి. పేరు మొదటి ముగ్గురిలో ఉండాలి, లేదా కరస్పాండింగ్ రచయిత అయి ఉండాలి. పత్రిక గుర్తింపు ఉన్న సూచీలో ఉండాలి. వైద్యవిద్యా బోధన మీద బేసిక్ కోర్సు, బయోమెడికల్ పరిశోధన మీద బేసిక్ కోర్సు, రెండు సర్టిఫికెట్లూ కావాలి. 2025లో అధ్యాపకుల అర్హతలపై కొత్త నిబంధనలు వచ్చాయి. కాబట్టి ఎవరి మాటా, నా మాటతో సహా, ఆఖరిదనుకోకుండా దరఖాస్తు రోజున గెజిట్ చూసుకోండి.

డబ్బు తీసుకుని పది రోజుల్లో అచ్చువేసే పత్రికల నుంచి రోజూ మెయిళ్లు వస్తాయి. వాటిలో వేసిన పేపరు ఇంటర్వ్యూలో లెక్కకు రాదు, మళ్లీ మంచి పత్రికకు పంపడానికీ వీలుండదు. మంచి సమాచారం అలా నేలపాలు కావడం చూస్తే బాధేస్తుంది.

లబ్బీపేట
ఒక చోట కాస్త భిన్నాభిప్రాయం. కేస్ రిపోర్టులు లెక్కలోకి రావని పీజీలు రాయడమే మానేస్తున్నారు. అది సరికాదు. ఒక కేసును వరుసగా, తేదీలతో, అంకెలతో రాయడం వచ్చాకే పెద్ద పేపరు రాయడం వస్తుంది. ప్రమోషన్‌కు కాకపోయినా చేతికి సాధన కోసం ఏడాదికి ఒకటి రాయండి.

బ్రాడీపేట
సాధనకు ఒప్పుకుంటాను మేడమ్. కానీ సాయంత్రం ప్రాక్టీసు, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్న అసిస్టెంట్‌కు వారంలో రాతకు దొరికేది మూడు నాలుగు గంటలే. ఆ గంటలు రిజిస్టరును శుభ్రం చేయడానికి, అంటే ఖాళీ గడులు నింపడానికి, తప్పు తేదీలు దిద్దడానికి పోతే మంచిదని నా ఉద్దేశం. ప్రైవేటు కాలేజీలో చేరేవాళ్లు జీతం కంటే ముందు బేరమాడాల్సింది కూడా అదే: వారంలో ఒక మధ్యాహ్నం ఓపీ, వార్డు లేకుండా, కాగితం మీద రాసి ఇవ్వాలి. నోటిమాట రెండో నెలకు ఉండదు.

కొత్తపేట పీజీ
బయొలాజిక్‌ల గురించి కూడా చెప్పరా? చిన్న ఓపీలో అవి మొదలుపెట్టవచ్చా? అల్ట్రాసౌండ్ మిషన్ కూడా కావాలంటారా?

అరండల్‌పేట
మొదలుపెట్టవచ్చు, ముందు ఇన్ఫెక్షన్లు వచ్చే తలుపులన్నీ వేసుకున్నాకే. ఛాతీ ఎక్స్‌రే, టీబీకి మాంటూ (చర్మపరీక్ష) లేదా ఇగ్రా (రక్తపరీక్ష), హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ. మందుతో రోగనిరోధకశక్తి తగ్గిన మనిషిలో మాంటూ 5 మి.మీ. వచ్చినా పాజిటివ్ కిందే లెక్క. దాగి ఉన్న టీబీ ఉందంటే ఐసోనియాజిడ్ 300 మి.గ్రా. ఆరు నెలలు, కనీసం ఒక నెల గడిచాకే టీఎన్ఎఫ్ నిరోధకం (వాపు పెంచే టీఎన్ఎఫ్‌ను ఆపే బయొలాజిక్). మన దేశంలో పరీక్ష నెగెటివ్ వచ్చినా ముప్పు పోయినట్టు కాదు. ప్రతి విజిట్‌లో బరువు రాయండి, సాయంత్రం జ్వరం, దగ్గు అడగండి. టీఎన్ఎఫ్ మందుల్లో వచ్చే టీబీ చాలాసార్లు ఊపిరితిత్తుల బయట వస్తుంది, దగ్గు లేదని నిశ్చింతగా ఉండకూడదు. మరో బయొలాజిక్ రిటుక్సిమాబ్‌కైతే హెపటైటిస్ బి కోర్ యాంటీబాడీ కూడా చూడాలి, సర్ఫేస్ యాంటిజెన్ ఒక్కటే చాలదు.

పల్లెల్లో ఆర్ఎంపీ దగ్గర వారం వారం డెక్సామెథాసోన్ సూదులు వేయించుకుని వచ్చేవాళ్లు మన ఓపీలో ఎక్కువ. వాళ్లకు స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే అడ్రినల్ గ్రంథి చేతులెత్తేసి బీపీ పడిపోతుంది. ముందు ప్రెడ్నిసొలోన్ బిళ్లలోకి మార్చి, వారాల మీద తగ్గించాలి. ఆ సూదుల వల్ల మొదటి రోజు కీళ్లు శుభ్రంగా కనిపించి, నెలకు అసలు జబ్బు బయటపడుతుంది. అందుకే ఫారంలో 'గత మూడు నెలల్లో సూదులు' అన్న గడి కూడా పెట్టుకో.

అల్ట్రాసౌండ్ మంచి సాధనమే. కానీ పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ శిశువు లింగనిర్ధారణ నిషేధ) చట్టం కింద యంత్రం, గది, వాడే డాక్టరు వివరాలు నమోదు కావాలి. కీళ్లకే వాడతాం అంటే మినహాయింపు దొరకదు. రేడియాలజీ వాళ్లతో మాట్లాడి, వారంలో ఒక గంట వాళ్ల గదిలో, వాళ్ల యంత్రం మీద, వాళ్లతోపాటే లీనియర్ ప్రోబుతో చూడటం నేర్చుకుంటే మొదటి రెండేళ్లకు చాలు.

మొగల్రాజపురం
బోధన గురించి ఎవరూ రాయలేదు. కాలేజీలో చేరేది దానికే కదా.

హౌస్ సర్జన్లకు పేరుపేరునా జబ్బులు చెప్పొద్దు. నడక, చేతులు, కాళ్లు, వెన్ను చూసే గాల్స్ పరీక్ష రెండు నిమిషాల్లో నేర్పండి. ముందు మూడు ప్రశ్నలు: కీళ్లు, కండరాలు, నడుములో నొప్పి, బిగుసుకుపోవడం ఉన్నాయా? సాయం లేకుండా బట్టలు వేసుకోగలరా? మెట్లు ఎక్కి దిగగలరా? తర్వాత నడిపించి, వెనక్కి తిప్పించాలి. చేతులు తల వెనక పెట్టించాలి. ముందుకు చాపించి, బోర్లా, వెల్లకిలా తిప్పించి, పిడికిలి బిగించమనాలి. వేళ్ల మొదటి కణుపులను అడ్డంగా కలిపి మెల్లగా నొక్కాలి. మోకాలు మడిపించి, తుంటిని లోపలికి తిప్పి, పాదం ముందుభాగాన్ని నొక్కి చూడాలి. చివరికి చెవి భుజానికి ఆనించమని, వంగి కాలివేళ్లు అందుకోమని అడగాలి.

పిడికిలి దగ్గర ఆగి చూపించండి. గోళ్లు అరచేతిలోకి దిగాయా, మధ్యలో గాలి ఆడుతోందా? కణుపుల మధ్య ఉండే లోయలు పూడిపోయాయా? రెండు నెలలు పోస్టింగ్ చేసి వెళ్లిన హౌస్ సర్జన్, రేపు తెనాలిలోనో నరసరావుపేటలోనో పీహెచ్‌సీలో కూర్చున్నప్పుడు, ఆ పూడిన లోయలు చూసి ఆరో వారంలో మనకు పంపితే ఆ చెయ్యి వంకరపోకుండా నిలుస్తుంది. రెండేళ్ల తర్వాత పంపితే బయొలాజిక్ కూడా వంకర తీయలేదు.

గర్భం సంగతి కూడా మొదటి క్లాసులోనే చెప్పండి. మెథోట్రెక్సేట్ ఒకటి నుంచి మూడు నెలల ముందే ఆపాలి. మరో కీళ్లవాతం మందు లెఫ్లునోమైడ్ వాడుతుంటే కొలెస్టిరమైన్ 8 గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు, 11 రోజులు ఇచ్చి కడిగేయాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం ఆపకూడదు, లూపస్‌లో అది తల్లికీ బిడ్డకీ రక్ష. యాంటీ-రో (లూపస్ లాంటి జబ్బుల్లో కనిపించే యాంటీబాడీ) ఉన్న తల్లి కడుపులో బిడ్డ గుండె లయను 16 నుంచి 26 వారాల మధ్య చూపిస్తూ ఉండాలి. గైనిక్ పీజీలను ఈ క్లాసుకు పిలవండి, వాళ్ల ఓపీ నుంచే మీకు సగం లూపస్ కేసులు వస్తాయి.

కొత్తపేట పీజీ
అందరికీ కృతజ్ఞతలు. ఫారం ముసాయిదా ఈ వారంలో ఇక్కడే పెడతాను. మెథోట్రెక్సేట్ రోజు, సూదులు, తాగేనీటి ఆధారం, రెండో ఫోన్ నంబరు చేర్చాను. ఒక్క పేజీలో పట్టడం లేదు, ఏది తీసేయాలి?

అరండల్‌పేట
కుటుంబ చరిత్ర, వృత్తి గడులు మొదటి విజిట్ కార్డులోకి పంపు. ప్రతి విజిట్‌కూ అవి మారవు. తాగేనీటి గడి కూడా అక్కడికే. రెండు నంబర్లూ కార్డు మీదే ఉండాలి, ప్రతిసారీ "ఇవే పనిచేస్తున్నాయా" అని అడిగి టిక్కు పెట్టుకుంటే చాలు. కీళ్ల బొమ్మ మాత్రం చిన్నది చేయొద్దు, పెన్నుతో గుండ్రాలు చుట్టడానికి చోటు ఉండాలి.